పంట సమము, క్షేమ మసమము



ప్రదర్శన మళ్లు వేయునపుడు మన మొక నియమమును పాటింతుము. రెండు మళ్లను ప్రక్కప్రక్కన నుంచి, తక్కిన వన్నియు సమముగ జేసి, ఒక్క దానిని మాత్రమే మార్తుము. అప్పుడే దిగుబడిలోని భేదమునకు కారణ మేదో తెలియును. ఈ నెల పాఠమున ఆ పద్ధతినే మడికి గాక మనుష్యునకు వర్తింపజేసి చూతము. ఒకే యూరిలో, ఒకే విత్తనము చల్లిన యిద్దరిలో, ఒకరి యిల్లు నిలద్రొక్కుకొనుటకును మరియొకరి యిల్లు క్రుంగుటకును కారణమేమి?

1. నీరు

1832-33లో నందన నామ సంవత్సరమున గుంటూరు సీమను పీడించిన కరువును గూర్చి పెద్దలు చెప్పగా వినియుందురు. ఆ సీమ జనములో మూడవ వంతునకు మించి నశించెనని నాటి అంచనా. తరువాత 1852లో ధవళేశ్వరము ఆనకట్టయు, 1855లో బెజవాడ ఆనకట్టయు పూర్తియై, రెండు డెల్టాలును ధాన్యాగారము లయ్యెను. అయినను నీరు అందరకు నొక్క రీతిగ నందలేదు. కాలువ యెగువనున్న చేను మొదట తడియును. శివారు చేను వంతుకొరకు కాచుకొనును. మెట్ట చేను ఆకాశమువైపు చూచును. పుట్టిన చోటు మనుష్యుడు కోరుకొన్నది కాదు గదా! కావున మొదటి భేదము సోమరితనమువలన గలిగినది కాదని గ్రహింపవలెను.

2. భూమిపై హక్కు, అప్పుపై వడ్డి

ఇపుడు నీరును సమముగ నున్నదనుకొందము. ఎకరమునకు ముప్పది బస్తాలు పండించిన యిద్దరి లెక్క చూడుడు. ఇది లెక్కకొరకు కల్పించిన దృష్టాంతము మాత్రమే. పెట్టుబడి యిద్దరకును పదునైదు బస్తాల విలువ. ఇద్దరును దానిని అప్పు తెచ్చిరి.

మొదటివాడు సొంతదారు. సంఘములో నూటికి యేడాదికి ఏడు రూపాయల వడ్డీకి తెచ్చెను. ఆరు నెలలకు వడ్డి సుమారు అర బస్తా. మిగులు పదునాలుగున్నర బస్తాలు.

రెండవవాడు కౌలుదారు. కౌలు పది బస్తాలు. పట్టా లేనందున సంఘములో అప్పు పుట్టక, వెలుపల నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చెను. ఆరు నెలల వడ్డి రెండు బస్తాలకు కొంచెము తక్కువ. మిగులు మూడు బస్తాలకు కొంచె మెక్కువ.

ఇద్దరి మిగులును కలిపి సగటు గట్టినచో తలకు దాదాపు తొమ్మిది బస్తాలు. కాని తొమ్మిది బస్తాలు ఏ యింటను లేవు! ఊరి సగటు బాగున్నదని విని సంతోషించు వారు ఈ సంగతి మరువరాదు.

కౌలువాని నష్టము గాదెతో ముగియదు. జనుము చల్లి పచ్చిరొట్ట దున్నుమని నేనొక కౌలు రైతునకు బోధించితిని. అతడు నవ్వి, “అయ్యా, పై యేటికి ఈ చేను నా చేతిలో ఉంటుందో ఉండదో! నేను బలం పెడితే ఎవరు కోసుకుంటారు?” అనెను. నాకు ఉత్తరము తోచలేదు. నా పాఠము తప్పు కాదు. హక్కు నిలుకడలేని వానికి ఆ పాఠము చెల్లలేదు.

3. ఆరోగ్యము, విద్య

1990లో ఐక్యరాజ్య సమితి వారు దేశముల క్షేమమును కొలుచుటకు ధనమొక్కటియే చాలదని యెంచి, ఆయుర్దాయమును, విద్యను, ఆదాయమును కలిపి మానవాభివృద్ధి సూచికను ప్రకటింప నారంభించిరి. ఈ మూడును త్రాడు పేటలవంటివి. ఒకటి తెగిన తక్కినవానిపై బరువు పడును. మూడు బస్తాలు మిగిలిన యింట ఒకరికి జబ్బు చేసినచో వైద్యమునకు మరల అప్పు. అప్పు తీర్చుటకు పిల్లవాని బడి మాన్పించి కూలికి బంపుట. ఈ విధముగ నేటి లేమి రేపటి తరమునకు దిగును.

4. కొను శక్తి

1943 నాటి వంగ దేశపు కరువులో ఇరువది లక్షలకు తక్కువ గాక జనులు మరణించిరి. బాల్యమున దానిని కన్నులార జూచిన అమర్త్యసేన్ గారు 1981లో ప్రకటించిన గ్రంథమున, బియ్యపు కొరతకంటె కొనలేని తనమే ముఖ్య కారణమని వాదించిరి. యుద్ధకాలమున ధర మండిపోగా కూలి దానితో పెరుగలేదు; కూలివారును, జాలరులును మొదట బలియైరి. దేశమున ధాన్యముండుట వేరు. దానిని పొందగల హక్కుండుట వేరు.

సంఘము చేయదగినది

నీటి వంతును, కౌలు మొత్తమును సంఘ మొక్కటియే మార్చజాలదు. వడ్డీని మార్చగలదు. పై లెక్కలో కౌలువానికి సంఘపు వడ్డీకే అప్పిచ్చినచో అతనికి ఒకటింబావు బస్తా యెక్కువ మిగులును; అనగా మూడు చిల్లర నాలుగున్నర యగును. కౌలుదార్లకు రుణ మందుటకై ఆంధ్ర దేశమున 2011లో నొక చట్టము వచ్చినది. 2019 నాటి చట్టమున సాగు పత్రమునకు యజమాని సంతకము కావలసివచ్చెను. మన సభ్యులలో పెక్కురు యజమానులే. కావున ఆ సంతకము చేయు కలము వేరెవరి చేతిలోనో లేదు, మన చేతిలోనే యున్నది.

స్త్రీల మాటయు నట్టిదే. నాటును, కలుపును తీయు చేతులు వారివి. పట్టాలో పేరు పురుషునిది. 2005 నాటి సవరణ చట్టము హిందూ కుటుంబముల పిత్రార్జితమున కుమార్తెకు కుమారునితో సమాన హక్కు నిచ్చెను. కాగితముపై నున్న ఆ హక్కు సంఘ సభ్యత్వపు పుస్తకములో గూడ కనబడవలెను.

చర్చకు ప్రశ్నలు

1. మన యూర సాగుచేయువారిలో కౌలుదార్లెందరు? వారిలో సంఘ సభ్యులెందరు?
2. గత పంటకు శివారు చేలకు ఎన్ని తడులు తగ్గినవి?
3. సభ్యుల పట్టికలో స్త్రీల పేరు లెన్ని?

వీనికి ఉత్తరములను వచ్చు సర్వసభ్య సమావేశమునకు వ్రాసి తెండు. మడిలో లోపమును కనుగొన్న రైతు దానిని దిద్దక మానడు గదా. సంఘమును గూడ మన మడిగనే చూతము.