గొడుగు చూసి మోసపోకండి



నాలుగు మంచి వానలు పడి, ఒకరోజు ఎండ కాసిందంటే పెరళ్ళలో, చేల గట్ల మీద, బడి ఆవరణల్లో తెల్లని పుట్టగొడుగులు లేస్తాయి. ఒక్కొక్కటి అన్నం కంచమంత ఉంటుంది. "ఇంత తెల్లగా ఉన్నాయి, మంచివే అయి ఉంటాయి" అని కూర వండుకునే ఇళ్ళు ఉన్నాయి. అందుకే ఈ నెల పాఠంగా గొడుగు పుట్టగొడుగుల కుటుంబం గురించి తెలుసుకుందాం.

పేరులోనే పుట్ట ఉంది

మన పెద్దలు ఇష్టంగా తినేవి చాలావరకు చెదపుట్టల దగ్గర మొలిచేవి. చెదపురుగులు పుట్ట లోపల ఒక రకం బూజును పెంచుతాయి. వానాకాలంలో ఆ బూజే పైకి గొడుగులా వస్తుంది. దీన్ని శాస్త్రజ్ఞులు టెర్మిటోమైసిస్ అంటారు. దాని కాడ వేరులాగా నేలలోకి లోతుగా, పుట్ట దాకా దిగి ఉంటుంది. గొడుగు నడుమ మొన తేలి ఉంటుంది.

ఇంటి ముందు పచ్చికలో మొలిచే పెద్ద తెల్ల గొడుగు వేరే జాతి. దాని పేరు క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్. ఇది మన దేశంతో సహా వేడి ప్రాంతాలన్నిటా ఉంది. గొడుగు 10 నుండి 30 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. తెల్లటి గొడుగు మీద గోధుమరంగు పొలుసులు, కాడకు పైకీ కిందికీ జరిగే ఉంగరం ఉంటాయి. ఒక్కోసారి గుండ్రంగా వలయం కట్టి మొలుస్తుంది. లేతగా ఉన్నప్పుడు గొడుగు కింది రేకులు తెల్లగానే ఉంటాయి. ముదిరాక పచ్చబారుతాయి. మోసమంతా ఇక్కడే ఉంది: కూరకు మనం ఏరేది లేతవాటినే, అప్పటికి పచ్చరంగు ఇంకా రాదు.

ఐరోపాలో మాక్రోలెపియోటా ప్రొసెరా అనే పారసోల్ పుట్టగొడుగును ఇష్టంగా తింటారు. దాని కాడ మీద పాము చర్మం వంటి గీతలుంటాయి, రేకులు పచ్చబారవు. విదేశాల్లో ఉంటున్న మన పిల్లలు దాన్ని చూసి, ఇక్కడికి వచ్చినప్పుడు పెరటిలోని గొడుగును అదేననుకునే ప్రమాదం ఉంది. అక్కడ నేర్చుకున్న గుర్తులు ఇక్కడ పనికిరావు.

తింటే ఏమవుతుంది?

పచ్చరేకుల గొడుగు తిన్నవారికి సాధారణంగా ఒకటి నుండి మూడు గంటల్లో కడుపునొప్పి, వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. కొందరికి విరేచనంలో రక్తం పడుతుంది. పెద్దవారిలో చాలామంది ఒకటి రెండు రోజుల్లో కోలుకుంటారు. పసిపిల్లలు, వృద్ధులు మాత్రం ఒంట్లో నీరు తగ్గిపోయి త్వరగా ప్రమాదంలో పడతారు.

ఇదే కుటుంబంలో లెపియోటా అనే చిన్న పుట్టగొడుగులు ఉన్నాయి. వాటి గొడుగు చాలావరకు నాలుగైదు సెంటీమీటర్లకు మించదు. కొన్నింటిలో అమాటాక్సిన్ అనే విషం ఉంటుంది. ఉడికించినా, ఎండబెట్టినా అది పోదు. 2018 వసంతంలో పశ్చిమ ఇరాన్‌లో అడవి పుట్టగొడుగులు తిని వెయ్యిమందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు, పదిమందికి పైగా మరణించారు. అక్కడ గుర్తించిన విషపు జాతుల్లో ఇలాంటి లెపియోటా ఒకటి.

ఈ విషం వెంటనే బయటపడదు. తిన్న ఆరు గంటల తరువాతే, ఒక్కోసారి మరునాడు వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. తరువాత ఒకరోజు అవి తగ్గినట్లు కనిపిస్తుంది. "నయమైంది, ఇంటికి పోదాం" అనిపించే ఆ సమయంలోనే లోపల కాలేయం పాడవుతూ ఉంటుంది. రెండు మూడు రోజులకు కళ్ళు పచ్చబడి, రోగి మత్తులోకి జారుకుంటారు. కాబట్టి తగ్గిందని పరీక్షలు మానుకోవద్దు.

మరొక మాట. ఒకే గంపలో రెండు మూడు రకాలు కలిసి ఉండవచ్చు. గంటలోనే వాంతులైనంత మాత్రాన రెండో రకం విషం లేదని అనుకోకూడదు.

నమ్మకాలు – నిజాలు

"వెండి నాణెం నల్లబడకపోతే మంచిదే." నిజం కాదు.
"వెల్లుల్లి వేస్తే విషం ఉంటే రంగు మారుతుంది." నిజం కాదు.
"పురుగులు, పశువులు తింటే మనమూ తినవచ్చు." నిజం కాదు. వాటి శరీరం వేరు, మన శరీరం వేరు.
"బాగా ఉడికిస్తే ఏమీ కాదు." నిజం కాదు.

ఎవరైనా తింటే ఏమి చేయాలి?

1. అదే కూర తిన్నవారందరూ, బాధ లేకపోయినా, వెంటనే ఆసుపత్రికి రావాలి. వాహనం లేకపోతే 108కి ఫోన్ చేయండి.
2. వేలు పెట్టి వాంతి చేయించవద్దు. ఉప్పునీళ్ళు తాగించవద్దు.
3. రోగి స్పృహలో ఉండి మింగగలిగితే ఓ.ఆర్.ఎస్. నీటిని చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలపండి. చెంచాలు తలకొట్టి కొలవాలి. పాలు తాగే బిడ్డకు తల్లిపాలు ఆపవద్దు.
4. విరేచనాలు ఆగే మాత్రలు సొంతంగా వేయవద్దు.
5. మిగిలిన పుట్టగొడుగులను, కూరను, ఏరి పారేసిన ముక్కలనైనా కాగితంలో చుట్టి తీసుకురండి.
6. ఎన్ని గంటలకు తిన్నారో, ఎప్పుడు బాధ మొదలైందో రాసి తెండి. ఈ రెండు గడియల మధ్య తేడా వైద్యునికి చాలా ముఖ్యం.

నాలుక ఎండిపోవడం, మూత్రం తగ్గడం, కళ్ళు గుంటలు పడటం, బిడ్డ మగతగా ఉండటం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయవద్దు. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించి, కాలేయానికి, మూత్రపిండాలకు సంబంధించిన రక్తపరీక్షలు రోజూ చేయవలసి రావచ్చు.

చివరిగా, పిల్లలు ఆడుకునే చోట మొలిచిన గొడుగులను పీకి పారవేయండి, తరువాత చేతులు సబ్బుతో కడుక్కోండి. పుట్టగొడుగులు తినాలనిపిస్తే పెంపకందారులు పండించిన బటన్, ముత్యపుచిప్ప, వరిగడ్డి రకాలు కొనుక్కోండి. ఏ అనుమానం ఉన్నా కంచంలో పెట్టకండి. ఒక పూట కూర పోతే పోయింది, ఇంటి మనుషులు క్షేమంగా ఉండాలి.