సూప్ గిన్నె, అంబలి గిన్నె

సాయంత్రం అయితే జహీరాబాద్‌లో రోడ్డు పక్కన ఫాస్ట్ ఫుడ్ బండ్లు నిలబడతాయి. బండికి బోర్డు ఉంటుంది. కూడబలుక్కుని చదవండి.

వెజ్ నూడుల్స్. ఎగ్ నూడుల్స్. మంచావ్ సూప్.

అంగడికి వచ్చిన వదినా మరదళ్లు ఇద్దరు ఆ బోర్డు చదివారు.

"సూప్ అంటే ఏంది వదినా?"

"చారు లెక్క ఉంటదట. తాగి చూద్దాం పా. ధర రాసే ఉన్నది గద!"

వేడి వేడి గిన్నె వచ్చింది. పైన కరకరలాడే నూడుల్స్ వేసి ఉన్నాయి. మరదలు ఒక చెంచా తాగింది.

"గిది మన అంబలి లెక్కనే చిక్కగ ఉన్నది!"

ఆమె మాట నిజమే. మంచావ్ సూప్ ఎలా చేస్తారో బండి దగ్గర నిలబడి చూడండి. క్యాబేజీ, క్యారెట్, అల్లం, వెల్లుల్లి సన్నగా తరిగి నీళ్లలో మరిగిస్తారు. నల్లటి సోయా సాస్ పోస్తారు. చివరికి కార్న్ ఫ్లోర్ కలుపుతారు. అది మక్కల నుంచి తీసిన తెల్లని పిండి. దాన్ని ముందు చల్లని నీళ్లలో కలిపి, తర్వాత మరిగే చారులో పోస్తారు. నేరుగా వేస్తే ఉండలు కడుతుంది. ఈ కిటుకు మీకు ఎవరూ నేర్పనక్కరలేదు. జొన్న పిండితో అంబలి కాచేటప్పుడు మీరు చేసేదీ అదే. వేడికి పిండి నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. అందుకే చిక్కబడుతుంది.

పాయా కూడా ఒక రకం సూపే. మేక కాళ్లను గంటల తరబడి ఉడికించి తీసిన చారు అది.

బండి సూప్ చెడ్డది కాదు. చలికాలం సాయంత్రం గొంతుకు హాయిగా ఉంటుంది. కానీ సాస్‌లో ఉప్పు ఎక్కువ. బి.పి. ఉన్నవాళ్లు "సాస్ తక్కువ పోయండి" అని అడగాలి. గిన్నెలు ఏ నీళ్లలో కడుగుతున్నారో కూడా ఒక కన్ను వేయండి.

ఇక నూడుల్స్ సంగతి. ఇవి ఎక్కువగా మైదాతో చేస్తారు. మైదా అంటే పొట్టు తీసేసిన గోధుమ పిండి. కానీ పాతకాలం నూడుల్స్ మైదావి కావు. చైనాలో లాజియా అనే చోట మట్టి కింద బోర్లాపడిన ఒక గిన్నె దొరికింది. అందులో మూరెడు పొడవున సన్నని నూడుల్స్ ఉన్నాయి. వాటి వయసు సుమారు 4,000 ఏళ్లు! అవి కొర్రలు, వరిగెల పిండితో చేసినవని 2005లో శాస్త్రజ్ఞులు చెప్పారు.

కొర్రలు! మన చేన్లలో పండే కొర్రలే.

1983లో 2 రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. పేదల కడుపు నిండింది. మంచిదే. కానీ జొన్న, కొర్ర తినడం నామోషీ అయింది. చుట్టం వస్తే అంబలి గిన్నెను చాటున పెట్టిన ఇళ్లు ఉన్నాయి. జొన్న, కొర్ర చేన్లు తగ్గాయి. విత్తనం కూడా కరువయ్యింది.

జహీరాబాద్ పక్కనే పస్తాపూర్ ఉంది. అక్కడి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి ఊరూరా మహిళలు సంఘాలు పెట్టుకున్నారు. వీరిలో ఎక్కువమంది దళిత మహిళలు. బీడు భూములు సాగు చేశారు. పాత విత్తనాలు వెతికి దాచారు. ఆ సంస్థ జహీరాబాద్‌లో 'కెఫే ఎత్నిక్' పేరుతో ఒక హోటల్ కూడా తెరిచింది. చిరుధాన్యాల వంటలు బల్ల మీద వడ్డించింది. ఇంట్లో చాటున పెట్టిన తిండిని జనం డబ్బిచ్చి తిన్నారు. 2019లో ఈ మహిళల పనికి ఐక్యరాజ్యసమితి సంస్థ ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

చేసి చూడండి

అంబలి మరిగేటప్పుడు తరిగిన క్యారెట్, అల్లం, వెల్లుల్లి, మిరియాల పొడి వేయండి. ముక్కలు ఉడకనివ్వండి. వేడిగా పిల్లలకు పోయండి. పేరు వాళ్లనే పెట్టమనండి.

చదివి రండి

మీ దగ్గరి హోటల్ బోర్డు మీద ఏమేమి రాసి ఉన్నాయి? ధరలతో సహా రాసుకొని రండి. అంబలి ఉందా? ఉంటే గ్లాసు ఎంత?