సంక్రాంతి వెళ్ళనీ అనకు చెల్లీ

"పండగ వెళ్ళాక చూద్దాంలే అక్కా." డిసెంబరు వచ్చిందంటే చాలు, ఈ మాట ఎంతమంది నోట వింటానో. మొగుడి తాగుడు గురించి కళ్ళనీళ్ళు పెట్టుకుని చెబుతారు, ఆస్పత్రి మాట ఎత్తగానే ఇలా అంటారు. ఎందుకంటారో నాకు తెలుసు చెల్లీ. ఆడబిడ్డ పిల్లల్నేసుకుని దిగుతుంది. కొత్తల్లుడికి బట్టలు పెట్టాలి. అత్తగారు అరిసెల పాకం పట్టేవేళకి పెద్దకొడుకు ఇంట్లో కనపడకపోతే "ఏడీ, ఎక్కడికెళ్ళాడు?" అని వీధి వీధంతా అడుగుతుంది. దానికి జవాబు చెప్పలేక, ఇన్నాళ్ళు ఓర్చుకున్నాను, ఇంకో నెల ఓర్చుకోలేనా అనుకుంటావు.

ఈ పూట నీతో కూర్చుని చెప్పాలనుకున్నది ఒక్కటే. ఆ నెల ఆగొద్దు. పండగకి ముందే చేర్పించు.

పండగ మూడు రోజులూ మన ఊళ్ళల్లో ఎలా ఉంటాయో నీకు చెప్పాలా? గోదావరి జిల్లాల్లో భోగి నాడు కోడిపందాల బరుల దగ్గర మొదలైన మందు కనుమ నాటి మాంసం కూరతో కూడా ఆగదు. తెలంగాణలో దసరా కూడా అంతే, ముక్కా చుక్కా ఉండాల్సిందేనంటారు. ధాన్యం డబ్బులు అప్పుడే చేతికొచ్చి ఉంటాయి. హైదరాబాదు నుంచి, బెంగుళూరు నుంచి చిన్ననాటి స్నేహితులు దిగుతారు. దుబాయి నుంచి వచ్చిన బావ సీసా తెస్తాడు. "ఏడాదికోసారి వచ్చే పండగరా, ఒక్క పెగ్గుకేం పోతుంది" అని బతిమాలేది పరాయివాళ్ళు కాదు, కావలసినవాళ్ళే. మానాలని అతనికి మనసులో ఉన్నా, ఏడాది మొత్తంలో అంతకన్నా కష్టమైన వారం ఇంకొకటి రాదు. ఆ వారం అతను డాక్టరు కళ్ళ ముందు ఉంటే మంచిదా, బరి దగ్గర ఉంటే మంచిదా, నువ్వే చెప్పు.

"అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజులూ చుక్క ముట్టడక్కా, అంటే మానగలడు కదా, ఆస్పత్రి ఎందుకు?" అని అడుగుతారు కొందరు. ఆ దీక్ష మీద నాకెంతో గౌరవం. ఆ 41 రోజుల్లో అతని చుట్టూ ఏముందో ఒక్కసారి చూడు. తెల్లవారకముందే చన్నీళ్ళ స్నానం, పూజ, ఒంటిపూట భోజనం, సాయంత్రం భజన, నేల మీద పడక. తోడుగా సాటి స్వాములు, తప్పటడుగు పడకుండా కనిపెట్టుకుని ఉండే గురుస్వామి. నువ్వు కూడా అతన్ని "స్వామీ" అనే పిలుస్తావు. పొద్దుటి నుంచి రాత్రి దాకా ఏ గంటకి ఏం చెయ్యాలో తెలుసు, పక్కన మనుషులున్నారు. శబరిమల వెళ్ళొచ్చి మాల తియ్యగానే ఇవన్నీ ఒక్క రోజులో పోతాయి. సాయంత్రం ఆరింటికి ఏం చెయ్యాలో తెలియదు, కాళ్ళు వైన్ షాపు వైపు లాగుతాయి. మంచి వైద్య కేంద్రంలో జరిగేది, ఆ కట్టుబాటును మాల తీసినా నిలబడేలా నేర్పడమే. అందుకే నేను దీక్షని కాదనను. దీక్ష చాలదంటాను.

ఇంకో సంగతి. రోజూ తాగే మనిషి, అదీ పొద్దున్న లేవగానే గుక్క పడితేగాని కుదుటపడని మనిషి, ఉన్నట్టుండి మానెయ్యడం ప్రాణం మీదకి తెస్తుంది. ఇది చాలామందికి తెలియదు. నాకు తెలిసిన ఒక ఇంట్లో ఆయన టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేవాడు. పట్టుకున్నా సరే, పెదాల దాకా వచ్చేసరికి సగం లుంగీ మీదే ఒలికేది. ఆవిడ గ్లాసు మానేసి వెడల్పాటి స్టీలు గిన్నెలో సగం దాకానే పోసి ఇవ్వడం మొదలుపెట్టింది. పిల్లలు చూడకుండా వంటింటి గుమ్మం దగ్గర కూర్చోబెట్టి ఇచ్చేది. ఆ వణుకు బలహీనత వల్ల కాదమ్మా. సారా దిగిపోతుంటే నరాలు పెట్టే కేక అది. చివరి గుక్క తరవాత ఆరేడు గంటల నుంచే వణుకు, చెమటలు, వాంతులు మొదలవుతాయి. రెండు రోజుల లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా కొందరికి మతి చెదురుతుంది. గోడల మీద పురుగులు కనిపిస్తున్నాయంటారు, ఎవరో పిలుస్తున్నారంటారు, ఇంట్లోవాళ్ళనే గుర్తుపట్టరు. "గాలి సోకింది" అని తాయెత్తులకి పరుగెత్తేది అప్పుడే. అది గాలీ కాదు ధూళీ కాదు. 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సిన అత్యవసరం.

ఊళ్ళో ఎవరినో పిలిచి గ్లూకోజు సీసా ఎక్కించుకుంటే సరిపోతుందని కూడా అనుకోకు. ఏళ్ళ తరబడి తాగినవాళ్ళ ఒంట్లో బి1 విటమిను అడుగంటి ఉంటుంది. ముందు అది ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదముంది. ఆస్పత్రిలో బి1 ఇంజెక్షన్లు ఇస్తారు, ఫిట్స్ రాకుండా మందులిచ్చి రోజురోజుకీ మోతాదు తగ్గిస్తారు, బీపీ, నాడి చూస్తూ ఉంటారు. వారం, పది రోజుల్లో ఒళ్ళు తేరుకుంటుంది.

మరీ మరీ చెబుతున్నా, "తెలియకుండా కూరలో కలపండి, మానేస్తాడు" అని అమ్మే పొడుల జోలికి వెళ్ళకు. వాటిలో ఏముందో ఎవరికీ తెలియదు. డైసల్ఫిరామ్ అనే మాత్రని ఇలాగే దొంగచాటుగా సాంబారులో కలిపే ఇళ్ళున్నాయి. అది మంచి మందే, కానీ గుండె, లివరు పరీక్షలు చేశాక, మనిషికి చెప్పి, ఒప్పించి ఇవ్వాల్సిన మందు. అది ఒంట్లో ఉండగా తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, గుండె దడదడలాడి, బీపీ పడిపోయి ప్రాణం పోవచ్చు. మాత్ర ఆపాక కూడా రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉండొచ్చు. నువ్వు ప్రేమతోనే కలుపుతావు, కానీ కనుమ నాడు స్నేహితులు అతని చేతిలో గ్లాసు పెడితే ఏమవుతుందో ఆలోచించు.

ఒళ్ళు తేరుకున్నాకే అసలు వైద్యం మొదలవుతుంది. చాలా కేంద్రాల్లో మూడు, నాలుగు వారాలుంటుంది. నిద్రలేపే గంట, యోగా, విడిగా కౌన్సిలింగు, సాటివాళ్ళతో కలిసి కూర్చుని మాట్లాడుకోవడం. ఫోను కౌంటరులో ఇచ్చెయ్యాలి. ఏ వేళకి, ఎవరిని చూస్తే, ఏ మాట వింటే తాగాలనిపిస్తుందో అతని చేతే చెప్పిస్తారు, అప్పుడేం చెయ్యాలో నేర్పిస్తారు. ఒకరోజు నిన్నూ పిలుస్తారు. సంసారం వదిలేసి ఎలా వెళ్ళనని మానెయ్యకు, తప్పకుండా వెళ్ళు.

ఎక్కడ చేర్పించాలంటావా? హైదరాబాదులో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. జిల్లా ఆస్పత్రిలో సైకియాట్రీ విభాగం ఉందేమో కనుక్కో. ప్రైవేటు కేంద్రమైతే నువ్వే వెళ్ళి కళ్ళారా చూడు. సైకియాట్రిస్టు నిజంగా వస్తారా? రాత్రిపూట నర్సు ఉంటుందా? రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ దగ్గర రిజిస్టరైందా? నిన్ను కలవనిస్తారా? గొలుసులు వెయ్యడాన్ని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. "అడ్రసు చెప్పండి, మనుషుల్ని పంపి ఎత్తుకొచ్చేస్తాం" అనేవాళ్ళని గుమ్మం కూడా ఎక్కనివ్వకు. అతను ఒప్పుకుని వెళ్తే ఆ వైద్యం నిలుస్తుంది. వైద్య వివరాలు బయటపెట్టకూడదనీ అదే చట్టం చెబుతోంది కాబట్టి ఆఫీసులో తెలుస్తుందని భయపడక్కర్లేదు.

ఒప్పించేదెలా అంటావు. తాగి ఉన్నప్పుడు అడక్కు. పొద్దున్నే, పిల్లలు బడికి వెళ్ళాక, గొంతు పెంచకుండా అడుగు. "నువ్వు చెడ్డవాడివి" అనకు. "నీ చేతులు వణుకుతుంటే నాకు భయమేస్తోంది, ఒక్కసారి డాక్టరుకి చూపిద్దాం రా" అను. సరేనన్న రోజే తీసుకెళ్ళు, ముహూర్తాలు చూడకు.

వీధిలో అడిగేవాళ్ళకి ఏం చెప్పాలి? "ఒంట్లో బాగోలేదు, ఆస్పత్రిలో ఉన్నారు." అది నిజమే కదా. అంతకుమించి ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోవాల్సిన పని లేదు. అత్తగారికి మాత్రం అంతా చెప్పు, ఆవిడా తల్లే. పిల్లలకి కూడా నాన్న జబ్బు నయం చేయించుకోవడానికి వెళ్ళారని చెప్పు. నాన్న అరుపులు లేని భోగి మంట ఆ పిల్లలకి ఎంత అపురూపమో నీకు తెలుసు.

పండగలోపే ఇంటికి వచ్చేస్తే? ఆ యేడు ఊరెళ్ళకండి. మందు లేని ఇంట్లో నలుగురూ అరిసెలు తినండి. సీసా తెచ్చే బావకి ముందే ఫోన్ చేసి చెప్పు. మళ్ళీ ఒకరోజు తాగితే అంతా అయిపోయిందనుకోకు, ఈ జబ్బు తిరగబెట్టడం మామూలే. మర్నాడే మళ్ళీ డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళు.

ఈ పనిలో ఆడవాళ్ళ చెయ్యి చిన్నది కాదు. నెల్లూరు జిల్లా దూబగుంట రోశమ్మ, ఆమెతో నడిచిన ఆడవాళ్ళు 1990ల మొదట్లో సారా మీద తిరగబడితే రాష్ట్రమే కదిలింది. మద్రాసులో శాంతి రంగనాథన్ తాగుడు వల్ల భర్తని పోగొట్టుకుని, 1980లో ఇలాంటివాళ్ళ వైద్యానికే ఒక సంస్థ పెట్టింది. తాగేవాళ్ళ ఇంటివాళ్ళ కోసమే 1951 నుంచి అల్-అనాన్ సమావేశాలు జరుగుతున్నాయి. నీ దగ్గర్లో ఉంటే వెళ్ళు, నీ గుండెలో బరువు దించుకోవడానికి కూడా ఒక చోటుండాలి. తాగేది నువ్వే అయితే, లేదా నిద్రమాత్రలకి అలవాటు పడింది నువ్వే అయితే, నేనిప్పటిదాకా చెప్పిందంతా నీకూ వర్తిస్తుంది తల్లీ. సిగ్గుపడకు.

2019లో కేంద్రం ప్రకటించిన సర్వేలో, మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరే ఏదో ఒక వైద్యం అందిందని చెప్పారు. మిగిలిన 37 మంది ఇళ్ళలోనూ "పండగ వెళ్ళాక" అనుకునే ఆడవాళ్ళున్నారు.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. మద్యం, మత్తుమందుల గురించి ప్రత్యేకంగా అయితే 14446. పండగ సరుకుల చీటీ రాసేముందు ఈ ఫోను చెయ్యి చెల్లీ.