పాఠం 14: చిక్కుడు గింజల కుండ – ఏ పని ముందు?

పీఠిక

వంట పద్ధతి చదివేటప్పుడు మనలో చాలామంది పదార్థాల పేర్లు చూసుకొని, మిగిలినది ఊహించుకొని పొయ్యి దగ్గరకు వెళ్తాం. చాలా వంటల్లో ఇది చెల్లిపోతుంది. ఇప్పుడు మీరు చదవబోయే వంటలో చెల్లదు. ఇందులో పనుల వరుస తప్పితే తిన్నవారికి జబ్బు చేస్తుంది. అందుచేత వంటతోపాటు, పనుల వరుసను చెప్పే క్రియారూపాలను కూడా గమనించండి.

ఈ వంట ఎక్కడిది?

అమెరికాలోని బోస్టన్ నగరం ‘బేక్డ్ బీన్స్’కు పేరుపొందింది. అక్కడ స్థిరపడిన ప్యూరిటన్ క్రైస్తవులు శనివారం సాయంత్రం నుంచి ఆదివారం సాయంత్రం వరకు వంటపని కూడా మానేవారు. అందుకని శనివారమే గింజల కుండను ఇటుక పొయ్యిలో పెట్టేవారు. మన పల్లెల్లో పిడకల దాలిమీద పాలు కాగినట్లే అది గంటల తరబడి మగ్గేది. ఈనాడు ఆ పని ‘స్లో కుక్కర్’ అనే విద్యుత్ పాత్ర చేస్తోంది. పాతకాలంలో ఇందులో పంది కొవ్వు వేసేవారు. శాకాహారులు దాని బదులు నూనె వేస్తారు.

పద్ధతి

అర కిలో ఎండు తెల్ల చిక్కుడు గింజలను ఏరి, కడిగి, రాత్రంతా నానబెట్టండి. తెల్లవారాక ఆ నీళ్లు పారబోసి, వేరే నీళ్లు పోసి, పొయ్యిమీద పెట్టండి. నీళ్లు తెర్లడం మొదలైనప్పటి నుంచి 30 నిమిషాలు ఆ మరుగు తగ్గకూడదు. ఆ తరువాత మంట తగ్గించి, గింజ మెత్తబడేవరకు ఉడికించండి. నాలుగు గింజలను గరిటెతో తీసి ఊదితే తొక్క ముడుచుకొని లేవాలి. బోస్టన్ ప్రాంతపు గృహిణుల పాత పరీక్ష ఇది. నమ్మదగినదే.

ఇప్పుడు గింజలను స్లో కుక్కర్‌లోకి మార్చి, తరిగిన ఉల్లిపాయ, అర కప్పు మొలాసిస్ (చక్కెర తీయగా మిగిలే నల్లని పాకం, దొరకకపోతే నల్లబెల్లం), రెండు చెంచాల టమాటా ముద్ద, రెండు చెంచాల నూనె, ఒక చెంచా ఆవపొడి, తగినంత ఉప్పు వేయండి. గింజలు మునిగేటట్లు వేడినీళ్లు పోసి, తక్కువ వేడిమీద 6 నుంచి 8 గంటలు ఉంచండి. మూత మాటిమాటికి తీయకండి.

ఎందుకు ఈ వరుస?

ఈ గింజల్లో ఫైటోహీమాగ్లుటినిన్ అనే విషపదార్థం ఉంది. ఎర్ర రాజ్మాలో ఇది చాలా ఎక్కువ, తెల్లవాటిలో సుమారు మూడోవంతు. బాగా మరిగిస్తేనే ఇది నశిస్తుంది. స్లో కుక్కర్‌లో వేడి చాలాసార్లు మరుగు స్థాయికి చేరదు. 80 డిగ్రీల వద్ద ఆగిపోయిన గింజ పచ్చిగింజకంటె ఐదు రెట్ల వరకు ఎక్కువ హాని చేయగలదు! అటువంటివి నాలుగైదు గింజలు తిన్నా చాలు, ఒకటి నుంచి మూడు గంటల్లో వికారం, వాంతులు, ఆపైన విరేచనాలు పట్టుకుంటాయి. గింజ మెత్తగా ఉంది కదా అని మోసపోకండి. మెత్తబడటం వేరు, విషం పోవడం వేరు. ప్రెషర్ కుక్కర్‌లో రాజ్మాను పూర్తిగా ఉడికించేవారికి ఈ భయం లేదు.

టమాటా, మొలాసిస్ చివర వేయడానికి కారణం వేరు. టమాటాలోని పులుపు, మొలాసిస్‌లోని కాల్షియం గింజను మెత్తబడనివ్వవు. ముందే వేస్తే రోజంతా ఉడికినా గింజ పంటికింద రాయిలా తగులుతుంది.

భాషా విషయం

‘ఏరి’, ‘కడిగి’, ‘పారబోసి’ అనేవి క్త్వార్థక క్రియలు. ముందు జరిగిన పనిని ఇవి చెబుతాయి. ‘మెత్తబడేవరకు’ అన్నది పనికి హద్దు చూపుతుంది. “మరిగించి కుక్కర్‌లో వేయండి”, “కుక్కర్‌లో వేసి మరిగించండి” – ఈ రెండింటిని పక్కపక్కన పెట్టి చదవండి. మాటలు దాదాపు అవే. మొదటిది భోజనం, రెండవది ప్రమాదం.

పాఠ్యగత ప్రశ్నలు

1. నానబెట్టిన నీళ్లను ఏం చేయాలి? ఏ వాక్యం ఆ సంగతి చెబుతోంది?

2. ‘పద్ధతి’ భాగంలోని క్త్వార్థక క్రియలను వరుసగా రాయండి.

3. మీ పొరుగింటి ఆవిడ నానిన రాజ్మాను నేరుగా స్లో కుక్కర్‌లో వేసి పనికి వెళ్లబోతున్నారు. మీరు ఎదురుపడే వీలు లేదు. ఆమె తలుపుకు అంటించడానికి నాలుగు వాక్యాల చీటీ రాయండి.