ట్రాక్టర్: ఎక్కే ముందు తెలుసుకోవలసినవి



మన హాస్టల్ పిల్లల్లో సొంత ట్రాక్టర్ ఉన్న ఇళ్లు తక్కువే. కాని ట్రాక్టర్‌తో పని లేని ఇల్లు మాత్రం లేదు. ఒకరి నాన్న ఆసామి దగ్గర డ్రైవరు. ఒకరి అమ్మ మిరప కోతలకు ట్రక్కులో వెళ్తుంది. సెలవులకు ఊరెళ్లినప్పుడు పదిహేనేళ్లకే స్టీరింగ్ పట్టేవాళ్లూ మనలో ఉన్నారు. ట్రాక్టర్ తిరగబడి ఎవరైనా చనిపోతే ఊళ్లో "వాడి రాత అంతే" అంటారు. అది రాత కాదు. హైస్కూల్లో మనం చదువుకునే భౌతికశాస్త్ర సూత్రాలే అక్కడ పనిచేస్తాయి. అవి తెలిసి, రోజూ పది నిమిషాలు బండిని చూసుకుంటే చాలా ప్రమాదాలు ఆపవచ్చు. ఈ పాఠం అందుకే.

1. ముందు చక్రాలు ఎందుకు లేస్తాయి?

మనం చూసే మామూలు ట్రాక్టర్ బరువు సుమారు రెండు టన్నులు. అందులో ఎక్కువ భాగం వెనుక ఇరుసు మీద ఉంటుంది. ఇంజను శక్తి వెనుక ఇరుసును తిప్పుతుంది, ఇరుసు చక్రాలను తిప్పుతుంది. చక్రాలు బురదలో బిగుసుకుపోయి తిరగకపోతే ఏమవుతుంది? న్యూటన్ మూడో నియమం గుర్తు తెచ్చుకోండి. ఇరుసు చక్రాలను ముందుకు తిప్పాలని ఎంత బలంగా చూస్తుందో, అంతే బలంతో ట్రాక్టర్ ముందు భాగం పైకి లేచి వెనక్కి తిరగాలని చూస్తుంది. అలా లేచి గరిమనాభి వెనుక ఇరుసును దాటిందంటే ఇక ఏ బ్రేకూ ఆపలేదు. ముందు చక్రాలు లేచినప్పటి నుంచి ఆ స్థితి రావడానికి ఒక్క సెకను కూడా పట్టకపోవచ్చు. "లేస్తే క్లచ్ తొక్కుదాంలే" అనుకునేవారికి అంత సమయం దొరకదు. అందువల్ల:

• దిగబడిన చక్రాల ముందు దుంగలు, రాళ్లు పెట్టి ఇంజను రేజ్ చేయరాదు. పనిముట్టు విప్పి, చక్రాల వెనుక మట్టి తీసి, రివర్స్ గేరులో నెమ్మదిగా బయటికి రావాలి. రాకపోతే మరో ట్రాక్టర్‌తో లాగించాలి. లాగేటప్పుడు గొలుసు దగ్గర ఎవరూ నిలబడరాదు. అది తెగితే కొరడాలా వచ్చి కొడుతుంది.

• ఏ బరువు లాగినా గొలుసును కింద ఉండే డ్రాబార్‌కే తగిలించాలి. టాప్ లింకుకో, ఇరుసుకో కడితే లాగే చోటు ఎత్తు పెరిగి ముందు భాగం సులువుగా లేస్తుంది.

• నిటారు గట్టు ఎక్కాలంటే దారి మార్చుకోవాలి. తప్పనిసరైతే రివర్స్‌లో ఎక్కించాలి. క్లచ్ ఒక్కసారిగా వదలరాదు.

2. పక్కకు ఎందుకు పడుతుంది?

ట్రాక్టర్ గరిమనాభి కారు కంటే ఎత్తులో ఉంటుంది. మలుపులో బండిని పడగొట్టే ప్రభావం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే వేగం రెండింతలైతే అది నాలుగింతలు. గంటకు 10 కిలోమీటర్లలో సాఫీగా తిరిగిన మలుపే 20లో పల్టీ కొట్టించవచ్చు.

బ్రేకు పెడళ్లు రెండు ఉండడం మీరు చూసే ఉంటారు. చాలు చివర బండిని చిన్న చోటులో తిప్పుకోవడానికి ఒక్కో వెనుక చక్రానికి ఒక్కో బ్రేకు ఇచ్చారు. రోడ్డెక్కే ముందు రెండు పెడళ్లనూ కలిపే గడియ తప్పక వేయాలి. లేకపోతే వేగంలో ఒక చక్రమే ఆగి బండి ఒక్కసారిగా పక్కకు తిరిగిపోతుంది.

కాలువ గట్టు మీద వెళ్లేటప్పుడు కాలువ ఎంత లోతుందో అంచు నుంచి కనీసం అంత దూరం ఉండాలి. వాన పడి నానిన గట్టు అయితే ఇంకా దూరం. పల్లంలో డీజిల్ ఆదా అవుతుందని న్యూట్రల్ చేయరాదు. ఇంజను పట్టు పోయి, బరువుతో ఉన్న ట్రక్కు వెనుక నుంచి నెట్టేస్తుంది.

తిరగబడినా డ్రైవరు బతికే ఉపాయం ఉంది. సీటు దగ్గర బిగించే గట్టి ఇనుప రక్షణ చట్రం, దానితోపాటు సీటు బెల్టు. స్వీడన్ దేశం 1959లోనే కొత్త ట్రాక్టర్లకు ఈ చట్రం తప్పనిసరి చేసింది. తరువాతి దశాబ్దాలలో అక్కడ ఇలాంటి మరణాలు దాదాపు లేకుండా పోయాయి. చట్రం ఉన్న బండిలో బెల్టు పెట్టుకోవాలి. చట్రం లేని బండిలో బెల్టు కట్టుకోరాదు.

3. తిరిగే షాఫ్ట్, ట్రక్కులో మనుషులు

రొటోవేటరును, నూర్పిడి యంత్రాన్ని తిప్పే పీటీవో షాఫ్ట్ సాధారణంగా నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు 9 చుట్లు. లుంగీ అంచు, తువ్వాలు, చీర కొంగు చిక్కితే "అమ్మా" అనేలోపే మనిషిని లాగేస్తుంది. షాఫ్ట్ మీద కవరు ఉండాలి. గడ్డి ఇరుక్కుంటే ఇంజను ఆపి, తాళం చెవి తీసి, షాఫ్ట్ పూర్తిగా నిలిచాకే చెయ్యి పెట్టాలి.

ట్రాక్టర్‌కు సీటు ఒక్కటే. మడ్‌గార్డ్ మీద కూర్చున్న తమ్ముడు గోతి కుదుపుకు జారితే నేరుగా వెనుక చక్రం కిందే పడతాడు. ట్రక్కు సరుకు కోసం చేసినది. అందులో కూలీలను ఎక్కించడాన్ని చట్టం ఒప్పుకోదు, ప్రమాదం జరిగితే పరిహారమూ చిక్కుల్లో పడుతుంది. వేరే బండి దొరకని ఊళ్లు ఉన్నాయని మనకు తెలుసు. అందుకే కూలీకి ఒప్పుకునేటప్పుడే ఆటో అడగమని మన ఇంటివాళ్లకు చెప్పాలి.

లైసెన్సుకు 18 ఏళ్లు నిండాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు రోడ్డు మీద బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి, యజమానికి 3 ఏళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. పొలంలో పోలీసు ఉండడు కదా అనకండి. గరిమనాభి అక్కడా ఉంటుంది.

4. పొద్దున్నే పది నిమిషాలు

• బండిని చదును నేల మీద నిలిపి, స్టార్ట్ చేయకముందే ఇంజను ఆయిలు గేజీ కడ్డీ తీసి చూడాలి. ఆయిలు రెండు గుర్తుల మధ్య ఉండాలి.

• రేడియేటర్‌లో నీరు చూడాలి. వేడి మీద మూత తీస్తే ఆవిరి మొహాన్ని కాలుస్తుంది.

• ఎయిర్ క్లీనర్ గిన్నెలో దుమ్ము పేరుకుంటే, ఆయిలు బురదగా మారితే శుభ్రం చేసి కొత్త ఆయిలు పోయాలి. దుక్కి దుమ్ము ఇంజన్‌లోకి పోతే పిస్టన్ రింగులు అరిగిపోతాయి.

• టైర్ల గాలి, చక్రాల నట్లు, హుక్కు పిన్నుకు ఉండే చీల చూడాలి. పిన్ను జారితే ట్రక్కు విడిపోతుంది.

• రెండు బ్రేకులూ సమానంగా పడుతున్నాయో లేదో ఖాళీ చోట చూడాలి. దమ్ము చేసి వచ్చాక బ్రేకులు తడిసి ఉండవచ్చు.

• దమ్ము రోజుల్లో బురద కడిగి ముందు ఇరుసుకు రోజూ గ్రీజు కొట్టాలి.

• సాయంత్రం పని అయ్యాక డీజిల్ ట్యాంకు నింపితే రాత్రి చల్లదనానికి లోపల నీరు చేరదు. పనిముట్టును నేలకు దించి, గేరులో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి దిగాలి.

ట్రాక్టర్ వయసు కిలోమీటర్లలో కాదు, అవర్ మీటర్ చూపే గంటల్లో లెక్కిస్తారు. ఆయిలు, ఫిల్టర్లు ఎన్ని గంటలకు మార్చాలో కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. చాలా ఇళ్లలో దాన్ని చదివి చెప్పగలిగినవాళ్లం మనమే. ఒక నోటు పుస్తకంలో తేదీ, గంటలు, చేసిన పని రాసిపెట్టండి.

ఈ పని మీద ఇష్టం ఉన్నవారికి ఐటీఐలో మెకానిక్ ట్రాక్టర్, మెకానిక్ డీజిల్ కోర్సులు ఉన్నాయి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది.

మిమ్మల్ని మీరు పరీక్షించుకోండి

1. దిగబడిన చక్రం ముందు దుంగ ఎందుకు పెట్టరాదు?
2. గొలుసు డ్రాబార్‌కే ఎందుకు కట్టాలి?
3. రోడ్డెక్కే ముందు బ్రేకు పెడళ్లను ఏం చేయాలి?
4. వేగం మూడింతలైతే మలుపులో పడగొట్టే ప్రభావం ఎన్ని రెట్లు?

జవాబులు మీకు వచ్చేశాయనుకుంటాను. ఈ సెలవుల్లో ఈ పేజీలు ఇంటికి తీసుకెళ్లండి. ట్రాక్టర్ నడిపే నాన్నకో, బాబాయికో, అన్నకో చదివి వినిపించండి. వాళ్లకు పనిలో ఉన్న అనుభవం మనకు లేదు. మనకున్న చదువు వాళ్లకు దొరకలేదు. రెండూ కలిస్తే సాయంత్రం అందరూ క్షేమంగా ఇల్లు చేరతారు.