ఈతకొలను పంపునకు చౌకయైన మోటారు

ప్రశ్న: మా తోటయింటి ఈతకొలను పంపు మోటారు నిలిచిపోయినది. పంపంతయు మార్చక, స్వల్పవ్యయముతో మోటారు మాత్రమే మార్చుకొనవచ్చునా?

జవాబు: మార్చుకొనవచ్చును. అయితే, మోటారు మూలుగుచు తిరుగక యున్నచో ముందుగా కెపాసిటరును, కీచుమని ధ్వనించుచున్నచో బేరింగులను పరీక్ష చేయింపుడు. తరచుగా దోషము వానియందే యుండును. వైండింగు కాలినను, షాఫ్టు, స్టేటరు కోర్ చెడకున్నచో, నిపుణుడైన పనివానిచే రీవైండింగు చేయించుట సాధారణముగా క్రొత్తది కొనుటకంటె చౌక. క్రొత్తదే కొనవలసివచ్చినచో, పాతదాని నేమ్‌ప్లేటుపై గల హార్స్‌పవరు, వోల్టేజి, ఫేజు, వేగము, ఫ్రేము సంఖ్యలను, షాఫ్టు, ఫ్లాంజి కొలతలను సరిపోల్చియే కొనవలెను. విదేశపు 60 హెర్ట్జుల మోటారు మన 50 హెర్ట్జుల విద్యుత్తుపై మందగించును గనుక, చౌకగా లభించినను దానిని స్వీకరింపరాదు. మెకానికల్ సీలును సైతము తప్పక మార్పింపుడు. పాత సీలునుండి కారు నీరు క్రొత్త మోటారు బేరింగులను చెరచును.