పై అధికారియు జీతగాడే

చదువవలసిన భాగము: 2 రాజులు 5:1–19

నయమాను అనగానే మనకు అతని కుష్ఠురోగమే జ్ఞాపకము వచ్చును. అయితే మొదటి వచనము అతనిని పరిచయము చేయునప్పుడు అతని రాజును కూడ మన యెదుట నిలుపుచున్నది. అతడు ఘనుడే గాని తన యజమానుని దృష్టికి ఘనుడు. అనగా అతనికిని ఒక పైవాడు కలడు. స్వస్థతకై ఇశ్రాయేలు దేశమునకు పోవలెనన్నను ముందుగా రాజునొద్దకు వెళ్లి సంగతి తెలుపుకొనవలసి వచ్చెను. సెలవు చీటి పట్టుకొని గుమాస్తా నిలువబడినట్లే సైన్యాధిపతియు నిలువబడెను.

నేడు మన సంఘములలోని యౌవనులనేకులు పెద్ద కంపెనీలలో పనిచేయుచున్నారు. మేనేజింగ్ డైరెక్టరనగా కొందరికి విగ్రహము, కొందరికి రాక్షసుడు. చట్టము మాత్రము అతనిని ఉద్యోగినిగానే చూచుచున్నది. 2013 కంపెనీల చట్టములోని 196వ సెక్షను ప్రకారము అతనిని ఒక్కసారికి 5 సంవత్సరములకు మించి నియమింపరాదు. 169వ సెక్షను ప్రకారము, అతడు చెప్పుకొనునది వినిన పిమ్మట, వాటాదారులు సాధారణ తీర్మానముచేతనే గడువునకు ముందుగా అతనిని డైరెక్టరు పదవినుండి తొలగింపవచ్చును. (వాటాలలో అధికభాగము తన కుటుంబము చేతనున్న యజమాని సంగతి వేరు.) కారు, విశాలమైన గది, వాకిట నిలుచు బంట్రోతు, ఇవన్నియు ఉద్యోగముతో వచ్చి ఉద్యోగముతో పోవునవే.

హైదరాబాదులో పుట్టిన శ్రీ సత్య నాదెళ్ల 1992లో మైక్రోసాఫ్ట్ సంస్థలో ఇంజనీరుగా చేరి, 2014 ఫిబ్రవరిలో దాని ముఖ్య కార్యనిర్వహణాధికారి ఆయెను. 1996లో పుట్టిన ఆయన కుమారుడు సెరిబ్రల్ పాల్సీతో జీవించి 2022లో మరణించెను. తనకే ఇట్లేల జరిగెనని మొదట దుఃఖించితిననియు, కష్టము వచ్చినది తనకు కాదు, బిడ్డకేనని భార్యను చూచి నేర్చుకొంటిననియు ఆయన 2017లో ప్రచురించిన గ్రంథములో వ్రాసియున్నాడు. ఏ తండ్రికైనను ఈ మాటలు అర్థమగును.

అయితే 2023 జనవరిలో 10,000 ఉద్యోగములను తగ్గింతుమని ప్రకటించినవాడును ఆయనయే. ఒకని దుఃఖము మరియొకని ఇంటి అద్దె కట్టదు. అధికారిని మనుష్యునిగా చూచుట అనగా లెక్క అడుగుట మానుట కాదు. కూలి బిగబట్టువారిని గూర్చి యాకోబు 5:4లో వ్రాయబడినది తేలికైన మాట కాదు. మనుష్యుడు గనుకనే అతనిని అడుగవచ్చును. విగ్రహమునడిగిన నేమి ప్రయోజనము?

నయమాను దాసులు అడిగిన విధము గమనింపదగినది. యొర్దానులో స్నానము చేయుమన్నందుకు అతడు రౌద్రుడై తిరిగిపోవుచుండగా వారు ముఖస్తుతి చేయలేదు, మనకెందుకని ఊరకుండనూ లేదు. తండ్రిని పిలిచినట్లు పిలిచి, తేలికైన పనిని ఏల మానవలెనని ఉన్న సంగతి చెప్పిరి. ఆ ధైర్యమును ఆ మర్యాదయు ఒకే నోట వచ్చినవి. అతడు వినెను.

18వ వచనమును మన ప్రసంగీకులు తరచుగా దాటిపోవుదురు. స్వస్థపడిన తరువాత కూడ నయమాను ఉద్యోగము మారలేదు. రాజు తన చేతిమీద ఆనుకొని రిమ్మోను గుడిలో మ్రొక్కునప్పుడు తానును వంగవలసివచ్చును. ఆ విషయములో క్షమాపణ కావలెనని అతడు వేడుకొనెను. తన మనస్సునకు నచ్చని బోర్డు తీర్మానమును తన సంతకముతోనే పంపవలసిన అధికారికి ఈ మనవి బాగుగా తెలియును. ఎలీషా అతనిని గద్దింపలేదు, నీ ఉద్యోగము విడువుమనియు చెప్పలేదు. నెమ్మదిగలవాడవై పొమ్మని సాగనంపెను.